సోమవారం అర్జీ ఇస్తున్నాం: హెచ్‌ఐవీ, హెపటైటిస్ మందులు మూడు నెలలకి సరిపడా ఇవ్వాలని. ఏమేం రాయాలో చెప్పండి

గుండ్లకమ్మ:
అందరికీ నమస్కారం అండి. మాది ప్రకాశం జిల్లా. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌ అర్జీల కార్యక్రమానికి పోయి అర్జీ ఇద్దామనుకుంటున్నాం, నేనూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ. ఏం కావాలో మాకు తెలుసు గానీ ఎట్లా రాస్తే పనవుద్దో తెలీడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా వదిన పదిహేడేళ్ళుగా ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు వాడుతోంది. అన్నయ్య లారీ మీద పోయేవాడు, 2008లో చనిపోయాడు, ఆయన పోయాకే వదినకి టెస్ట్ చేశారు. ఇప్పుడు రోజుకి ఒకటే మాత్ర, ఆరేళ్ళ నుంచి వైరల్ లోడ్ టెస్ట్‌లో కూడా వైరస్ దొరకనంత తక్కువ, పొగాకు గ్రేడింగ్‌కి పోతుంది, నాకన్నా ఎక్కువ కష్టపడుద్ది. మందు ఫ్రీ, ఆ మాట ఒప్పుకోవాలి, లేకపోతే మేము కొనగలిగేవాళ్ళం కాదు. కానీ ఆ ఫ్రీ మందు తెచ్చుకోడానికి నెలనెలా రెండు బస్సులు మారాలి, తెల్లారుజామున ఐదింటికి బయల్దేరితే ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుద్ది. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక ఛార్జీ తప్పింది గానీ కూలి తప్పలేదు కదా. మేస్త్రీ అడుగుతాడు, ప్రతి నెలా ఎక్కడికి పోతున్నావమ్మా అని. ఏం చెప్పాలి? ఒకసారి పళ్ళనొప్పి, ఒకసారి చుట్టాల పెళ్ళి. పోయినేడాది రెండుసార్లు స్టాక్ లేదని 15 రోజులకే ఇచ్చారు, అంటే నెలకి రెండు తిరుగుళ్ళు.

ఇంకో సంగతి. ఆ మాత్రలు 30 ఉంటాయి ప్లాస్టిక్ డబ్బాలో, నడుస్తుంటే గలగలమంటాయి. వదిన సెంటర్ బయట చెట్టు కింద కూర్చుని ముందు గోరుతో లేబుల్ గీకేసుద్ది, తర్వాత మూత తీసి దూది కుక్కుద్ది, ఆ డబ్బాని పాత చీర ముక్కలో చుట్టి సంచి అడుగున పెట్టి పైన ఉల్లిపాయలు పోసుద్ది. పదిహేడేళ్ళుగా ప్రతి నెలా ఇదే. మూడు నెలలకి ఒకసారి ఇస్తే ఏడాదికి 12 సార్లు పడే ఈ పాట్లు నాలుగుసార్లకి తగ్గుతాయి. అదే మా అర్జీ. చెప్పండి.

సీలేరు:
చాలా మంచి పని అండి. మూడు నెలలకి ఇవ్వడం కొత్తేం కాదు, 2020 లాక్‌డౌన్‌లో ఇచ్చారు. అప్పుడు నేను ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ టెస్ట్, కౌన్సెలింగ్ సెంటర్‌లో, కాంట్రాక్ట్ కౌన్సిలర్‌ని. జనం కదలకూడదని చెప్పి నిలకడగా ఉన్నవాళ్ళకి రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వమని ఢిల్లీ నుంచి ఆర్డరొచ్చింది, మేం ఫోన్లు చేసి మరీ ఇచ్చాం, కొన్ని ఊళ్ళకి మనిషిని పంపాం. అప్పుడు ఎవరూ మందులు పారేసుకోలేదు, మానేయలేదు. కాబట్టి అర్జీలో మొదటి వాక్యమే అది పెట్టండి, 2020లో చేసి చూపించారు కాబట్టి ఇప్పుడూ చెయ్యమని. కుదరదు అన్నారంటే అడ్డు స్టాకే, రూలు కాదు.

చిత్రావతి:
అక్కా నేను పాజిటివ్, అనంతపురం వైపు. ఇక్కడ పేరు కనపడదు కాబట్టి చెప్తున్నా. మీరు మందులు పీహెచ్‌సీలోనే ఇమ్మని మాత్రం రాయొద్దు. చాలామంది మంచి మనసుతోనే ఊళ్ళోకి తెచ్చిపెట్టాలంటారు. మా ఊరి పీహెచ్‌సీలో ఏఎన్‌ఎం మా పిన్ని తోటికోడలు, ఫార్మసిస్టు మా ఇంటెనక సందు. అక్కడికి మందు వస్తే నేను ఆ రోజే మానేస్తా. 90 కిలోమీటర్లు పోయేది నాకు దగ్గర్లో దొరక్క కాదు, దూరంలో నన్నెవరూ ఎరగరని.

గుండ్లకమ్మ:
మీరు చెప్పేది నిజం అండి. వదిన కూడా ఇదే మాట అంది, మా దగ్గర ఏరియా ఆస్పత్రిలో లింక్ ఏఆర్‌టీ సెంటర్ (పెద్ద సెంటర్‌కి అనుబంధంగా మందులిచ్చే చోటు) ఉంది, అది 20 కిలోమీటర్లే, కానీ అక్కడ మా ఊరోళ్ళు ఎప్పుడూ ఉంటారని పోదు. అయితే దగ్గరగా కావాలని ఎట్లా అడగాలి?

సీలేరు:
రెండూ అడగండి. ఎక్కడ తీసుకోవాలో ఆ మనిషే ఎంచుకోవాలి అని రాయండి. దగ్గర కావాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, వయసు మీద పడ్డవాళ్ళు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. 2004 ఏప్రిల్‌లో ఈ ఫ్రీ మందులు మొదలైనప్పుడు మన రాష్ట్రం ఆ మొదటి ఆరు రాష్ట్రాల్లో ఉంది, ఆ రోజుల్లో ముప్పయ్యేళ్ళ మనిషికి ఇప్పుడు యాభై దాటాయి. వాళ్ళకి బీపీ, షుగర్ కూడా వచ్చాయి. ఒక మందు ఒకచోట ఇంకో మందు ఇంకోచోట ఎక్కడ తిరుగుతారు? ఇంకోటి, నేను పనిచేసినచోట ఏఆర్‌టీ గది బోర్డు ఆస్పత్రి గేటు నుంచే కనపడేది, ఆ వరండాలో నిలబడితే చాలు అందరికీ తెలిసిపోయేది. బోర్డు మార్చి నంబరు గది చేశాక వచ్చేవాళ్ళ మొహాల్లో తేడా నేను కళ్ళారా చూశా. అది పైసా ఖర్చులేని పని.

కొత్తమాట:
అందరూ జాలి చూపిస్తున్నారు గానీ ముందు తప్పు చేయకుండా ఉంటే ఈ మందులే అక్కర్లేదు కదా. క్యాన్సర్ వాళ్ళే ఆస్తులమ్ముకుంటుంటే వీళ్ళకి పెన్షన్ కూడా ఇస్తున్నారు.

గుండ్లకమ్మ:
మా వదిన ఏం తప్పు చేసిందో చెప్పండి. 19 ఏళ్ళకి పెళ్ళయింది, 27కి భర్త పోయాడు. పెన్షన్ వస్తుంది, 4 వేలు, మా రాష్ట్రంలో ఏఆర్‌టీ పెన్షన్ అని. దాంతోనే పిల్లాడి ఫీజు. క్యాన్సర్ వాళ్ళకి కూడా కావాలనే అడుగుదాం, ఆ అర్జీ మీరు రాయండి, నేనొచ్చి సంతకం పెడతా. ఇక్కడ మాత్రం సాయం చేసేవాళ్ళని మాట్లాడనివ్వండి.

జగిత్యాల_తమ్ముడు:
అక్కా నమస్తే. మీ టైటిల్ల హెపటైటిస్ అని చూసి ఆగిన. మాది జగిత్యాల దిక్కు. మా దగ్గర ఇంటికొకరు గల్ఫ్‌ల ఉంటరు. నేను 2019ల దుబాయ్ వీసా వచ్చిందని మెడికల్‌కు పోయిన, గల్ఫ్ మెడికల్ అంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ మూడూ చూస్తరు గదా. రెండు రోజులకు అన్‌ఫిట్ అని చెప్పిన్రు. ఎందుకన్న అంటే కంప్యూటర్ల చూసి హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ టెస్ట్) పాజిటివ్ అన్నడు, అంతే, నెక్స్ట్ అని పిలిచిండు. అదేం రోగమో, ఎక్కడికి పోవాల్నో, పెండ్లాంకు టెస్ట్ చేపియ్యాల్నో ఒక్క ముక్క చెప్పలే. వీసాకు కట్టిన అప్పు మీద పడ్డది. ఇంటికొస్తే కామెర్లన్నరు, పసరు తాగించిన్రు, ఉప్పు కారం లేకుంట నెలరోజులు పథ్యం పెట్టిన్రు. నాకు అసలు కామెర్లే లేవు, కండ్లు పచ్చగ లేవు, ఏం లేదు. ప్రైవేట్‌ల ఒకాయన వైరల్ లోడ్ టెస్ట్ రాస్తే ఐదు వేలు పెట్టిన. రెండేండ్లకు ఎవరో చెప్తే తెలిసింది గవర్నమెంట్‌ల ఫ్రీ ఉన్నదని.

మీ అర్జీల హెపటైటిస్ పేరు టైటిల్‌కే ఉన్నదా లోపల గూడ ఉంటదా?

గుండ్లకమ్మ:
నిజం చెప్తున్నా తమ్ముడూ, మాకు హెపటైటిస్ గురించి పెద్దగా తెలీదు. ఏఆర్‌టీ సెంటర్‌లో ఒక మేడం కలిపి రాయండి అంటే పెట్టాం. నువ్వు చెప్పు ఏం రాయాలో.

ల్యాబ్‌కిటికీ:
నేను చెప్తా. ల్యాబ్ టెక్నీషియన్‌ని, 14 ఏళ్ళ సర్వీస్. హెపటైటిస్‌కి జాతీయ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైంది, సీ వస్తే సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు 12 వారాలు, లివర్ గట్టిపడిపోయినవాళ్ళు తప్ప మిగతావాళ్ళలో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయం. నయం అంటే నయమే, జీవితాంతం మందు అక్కర్లేదు. బీ అట్లా కాదు, అందరికీ మందు అవసరం లేదు, వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ అనే లివర్ టెస్ట్, లివర్ ఎట్లా ఉందో చూసి అవసరమైనవాళ్ళకి టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ మొదలుపెడతారు, అవసరం లేనివాళ్ళు ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి. ఇవన్నీ కార్యక్రమంలో ఫ్రీ. మరి జనానికి ఎందుకు తెలీదు? 2024లో డబ్ల్యూహెచ్‌ఓ రిపోర్ట్ ప్రకారం మన దేశంలో హెపటైటిస్ బీ ఉన్నవాళ్ళు 2.98 కోట్లు, సీ ఉన్నవాళ్ళు 55 లక్షలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు 25 లక్షల చిల్లర. హెచ్‌ఐవీకి కౌన్సిలర్ ఉంటారు, 1097 నంబరు ఉంది, గోడల మీద రాతలున్నాయి. బీ వచ్చినవాళ్ళకి నేను కిటికీలోంచి కాగితం ఇచ్చి పంపేస్తున్నా, ఎందుకంటే నా వెనక 60 శాంపిళ్ళు ఉంటాయి. ఆ కాగితం పట్టుకుని వాళ్ళు నిలబడే తీరు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కాబట్టి హెపటైటిస్‌కి కూడా కౌన్సిలర్ కావాలి, కొత్త మనిషిని వేయకపోయినా పర్లేదు, ఐసీటీసీలో ఉన్న కౌన్సిలర్‌కే ట్రైనింగ్ ఇచ్చి ఆ బాధ్యత, దానికి తగ్గ జీతం ఇవ్వండి.

చిత్రావతి:
నాకు ఒక భయం ఉంది, తప్పుగా అనుకోవద్దు. హెచ్‌ఐవీ వాళ్ళం ఇరవై ఏళ్ళు కొట్లాడి తెచ్చుకున్న సెంటర్లు ఇవి. 2022లో మందుల కొరత వచ్చినప్పుడు మావాళ్ళు ఢిల్లీలో నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఆఫీసు ముందు నెల దాటి కూర్చున్నారు, రాత్రిళ్ళు అక్కడే పడుకున్నారు. ఇప్పుడు రెండూ కలిపేస్తే ఉన్న స్టాఫ్ మీదే ఆ బరువు కూడా పడి మా లైన్ ఇంకా పొడుగవుద్దేమో.

ల్యాబ్‌కిటికీ:
మీ భయం సరైనదే అమ్మా, ఊరికే కొట్టిపారెయ్యను. కానీ మందు పరంగా ఒకటి చూడండి. మీరేసుకునే మాత్రలో మూడు మందులు ఉంటాయి, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. అందులో మొదటి రెండూ హెపటైటిస్ బీ మీద కూడా పనిచేస్తాయి. హెచ్‌ఐవీతో పాటు బీ కూడా ఉన్న మనిషి స్టాక్ లేదని ఆ మాత్ర ఆపేస్తే హెచ్‌ఐవీ ఒక్కటే కాదు, బీ కూడా ఒక్కసారిగా లేచి లివర్ మీద పడొచ్చు. అంటే స్టాకవుట్ అయితే ఎవరికి ఎక్కువ ప్రమాదమో తెలియాలంటే అందరికీ బీ, సీ టెస్ట్ అయ్యుండాలి. గైడ్‌లైన్స్‌లో ఉంది కూడా. మీ గ్రీన్ బుక్, అదే ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే పుస్తకం, తీసి చూసుకోండి, హెచ్‌బీఎస్‌ఏజీ రిజల్ట్ రాసి ఉందా?

చిత్రావతి:
ఇప్పుడే చూశా. ఖాళీగా ఉంది.

గుండ్లకమ్మ:
వదినది కూడా ఖాళీనే. పదిహేడేళ్ళు.

ల్యాబ్‌కిటికీ:
రాసెయ్యండి అర్జీలో. ఏఆర్‌టీలో ఉన్న ప్రతి మనిషికీ ఆ రెండు టెస్టులు చేసి బుక్‌లో రాయాలని. కిట్లు చౌక, పావుగంట పని.

నల్లకోటు:
కాస్త ఆలస్యంగా వచ్చాను. అడ్వకేట్‌ని. చట్టం సంగతి చెప్తాను, అర్జీలో చట్టం మాట ఉంటే ఆ కాగితానికి విలువ మారిపోతుంది.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో చేశారు, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3 ప్రకారం ఉద్యోగంలో, ఆస్పత్రిలో, స్కూల్లో, అద్దె ఇంట్లో వివక్ష చూపించకూడదు. సెక్షన్ 5 ప్రకారం చెప్పి ఒప్పుకున్నాకే టెస్ట్. సెక్షన్ 23 ప్రకారం ప్రతి రాష్ట్రానికీ అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి, ఫిర్యాదు ఇస్తే 30 రోజుల్లో ఆర్డర్ ఇవ్వాలి, వైద్యం ఆగి ప్రాణం మీదికొచ్చిన కేసైతే వీలైతే 24 గంటల్లోనే. భర్త పోయాక వదినలాంటి వాళ్ళని ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా అదే ఇంట్లో ఉండే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది, దీన్ని చాలామంది లాయర్లు కూడా చూడలేదు. చట్టం బాగుంది. కానీ నేను ఒక క్లయింట్ తరఫున మా దగ్గర ఒక ఆఫీసుకు వెళ్ళి అంబుడ్స్‌మన్ ఎవరండి, ఏ అడ్రసుకి పంపాలి అని అడిగితే మూడు టేబుళ్ళు తిప్పారు, ఎవరూ పేరు చెప్పలేకపోయారు. ఆర్‌టీఐ వేశాను. మీరూ అర్జీలో రాయండి, అంబుడ్స్‌మన్ పేరు, ఫోన్ నంబరు, ఫిర్యాదు చేసే పద్ధతి తెలుగులో రాసి ప్రతి ఏఆర్‌టీ సెంటర్ గోడ మీద అంటించమని.

ఇక రెండు లోటులు. సెక్షన్ 14లో మందులు ఇచ్చే బాధ్యత దగ్గర 'వీలైనంతవరకు' అన్నట్టు ఒక మాట ఉంది. చట్టం చేసేటప్పుడే పాజిటివ్ సంఘాలు దాన్ని తీసేయమని గట్టిగా అడిగాయి, తీయలేదు. ప్రాణం నిలిపే మందు దగ్గర ఆ మాట ఉండకూడదు. ఇంకోటి ఇంకా పెద్దది, ఈ చట్టం హెచ్‌ఐవీకే. హెపటైటిస్ బీ, సీ ఉన్నవాళ్ళకి ఇలాంటి రక్షణ చట్టం లేదు. జగిత్యాల తమ్ముడిని ఇక్కడే ఒక కంపెనీ హెచ్‌బీఎస్‌ఏజీ చూసి ఉద్యోగంలోంచి తీసేస్తే నేను రాజ్యాంగం, అధికరణాలు అంటూ చుట్టు తిరిగి వాదించాలి, హెచ్‌ఐవీ అయితే సెక్షన్ 3 చూపించి ఒక్క పేజీ రాస్తే చాలు. అది కలెక్టర్ చేతిలో లేదు, ఎంపీలకి పంపాల్సిన అర్జీ వేరే రాద్దాం, నేను డ్రాఫ్ట్ చేస్తా.

ఒక జాగ్రత్త అమ్మా, సంతకాల లిస్టులో ఎవరు పాజిటివ్ ఎవరు కాదు అని ఎక్కడా రాయకండి. కోర్టులో కూడా పేరు మార్చి కేసు వేసుకునే వెసులుబాటు ఈ చట్టమే ఇచ్చింది.

జగిత్యాల_తమ్ముడు:
సార్ మీరు ఎంపీల కాగితం రాస్తే నేను మా మండలంల 500 సంతకాలు చేపిస్త. గల్ఫ్ అన్‌ఫిట్ అయినోళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురున్నరు, ఎవ్వలు చెప్పుకోరు. అండ్ల ఇంకొకటి పెట్టున్రి సార్, మెడికల్ సెంటర్ల అన్‌ఫిట్ చేస్తే చేయున్రి, గని అదే రోజు దగ్గరున్న సర్కారు హెపటైటిస్ సెంటర్ అడ్రస్ రాసి చేతుల పెట్టాలె. ఒక్క చీటి. గంతే.

ఇంకో మాట చెప్పాలె. మా ఆవిడకు గూడ టెస్ట్ చేపిస్తే పాజిటివ్ వచ్చింది. కడుపుతోని ఉన్నప్పుడు డాక్టరమ్మ చెప్పింది, పుట్టిన 24 గంటలల్ల బిడ్డకు బీ టీకా వెయ్యాలె, దాంతోని ఇమ్యునోగ్లోబులిన్ సూది గూడ అని. కాన్పు ఒక ప్రైవేట్ నర్సింగ్ హోంల శనివారం రాత్రి పదకొండింటికి అయింది. టీకా అడిగితే ఫ్రిజ్ తాళం సిస్టర్ దగ్గర ఉన్నది, సోమవారం వేస్తం అన్నరు. నేను గడియారం చూసుకుంట కూసున్న అక్కా. పొద్దుగాల ఆరింటికి బండి మీద ఐస్ డబ్బా పట్టుకోని పోయి మెడికల్ షాపాయనను లేపి ఆ సూది తెచ్చిన, టీకా సర్కారు దవాఖానల దొరికింది. పది గంటలకు రెండూ వేపిచ్చిన. బిడ్డకు ఇప్పుడు నాలుగేండ్లు, టెస్ట్ చేపిచ్చినం, నెగెటివ్. నాకు చదువు తక్కువ, అయినా నాకు తెలిసింది కాబట్టి ఉరికిన. తెలువనోళ్ళ పిల్లల సంగతేంది?

సిస్టర్_పద్మజ:
తమ్ముడూ నీ పోస్ట్ చదివి కళ్ళనీళ్ళొచ్చాయి. లేబర్ రూమ్‌లో 22 ఏళ్ళు చేశాను. బర్త్ డోస్‌కి ఆదివారం, పండగ అని లేదు, 24 గంటలంటే 24 గంటలే, ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావేలెంట్‌లో (ఐదు జబ్బుల టీకా) వేస్తాం గానీ తల్లి పాజిటివ్ అయితే ఆ మొదటి రోజుదే ప్రాణం. కాన్పులు జరిగే ప్రతి చోటా, ప్రైవేట్‌లో కూడా, లేబర్ రూమ్‌లోనే టీకా ఉండాలని రాయండి, స్టోర్‌లో కాదు.

మా గురించి కూడా ఒక మాట. ఆపరేషన్ ముందు పాజిటివ్ అని తెలిస్తే కేస్ షీట్ మీద ఎర్ర స్టిక్కర్ వేసేవాళ్ళు మేం పనిచేసినచోట. వార్డు బాయ్ నుంచి క్యాంటీన్ దాకా తెలిసిపోయేది. అసలు ప్రతి పేషెంట్ రక్తాన్నీ ఒకేలా జాగ్రత్తగా చూడాలి, గ్లౌజులు అందరికీ వేసుకోవాలి, అప్పుడు స్టిక్కర్ అవసరమే రాదు. గ్లౌజులు సరిపడా ఇవ్వకుండా స్టిక్కర్లు మాత్రం ఇస్తే వివక్ష కాకుండా ఏమవుద్ది? అలాగే సూదుల చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికులకి, కాంట్రాక్ట్ వాళ్ళకి కూడా బీ టీకా మూడు డోసులూ వేయించాలి. నాతో పనిచేసిన ఒకావిడకి చెత్త సంచిలోంచి సూది దిగింది, ఆమెకి ఒక్క డోసు కూడా పడలేదని ఆ రోజే తెలిసింది.

బల్క్‌డ్రగ్:
ఫార్మాలో పనిచేస్తున్నా, హైదరాబాద్. మందు ధర గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నా, ఎందుకంటే ఖర్చు ఎక్కువ అని ఎవరైనా ఆఫీసర్ అంటే జవాబు మీ దగ్గర ఉండాలి. 2001కి ముందు హెచ్‌ఐవీ మందులు ఒక మనిషికి ఏడాదికి 10 వేల డాలర్ల పైన ఉండేవి, ఆ ఏడాది సిప్లా 350 డాలర్లకి ఇస్తానంది, రోజుకి డాలర్ కన్నా తక్కువ. హెపటైటిస్ సీ మందు సోఫోస్‌బువిర్ అమెరికాలో 2013 చివర్లో వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాల కోర్సుకి 84 వేల డాలర్లు. 2015లో మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో అదే మందుని 28 మాత్రల సీసా 20 వేల రూపాయలకి కాస్త తక్కువకే తెచ్చాయి, తర్వాత ఇంకా తగ్గింది. ఇప్పుడు హెచ్‌ఐవీ రాకుండా ఆర్నెల్లకో సూది, లెనకాపవిర్, దానికి లైసెన్స్ వచ్చిన ఆరు కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి, 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకి ఇస్తామని 2025లో చెప్పాయి. ప్రపంచానికి మందు చేసిచ్చే ఊరు మనది. ఆ ఊరికి కొన్ని గంటల దూరంలో మీ వదినకి 15 రోజుల మందు ఇచ్చి పంపడం ఏంటి? తయారీలో లోటు ఉండి కాదు, టెండర్ ఆలస్యం, ఇండెంట్ ఆలస్యం, జిల్లా స్టోర్‌లో ఎన్ని డబ్బాలున్నాయో ఎవరికీ తెలీకపోవడం. కనీసం మూడు నెలల బఫర్ స్టాక్ జిల్లాలో ఉండాలి, ఎంత ఉందో ప్రతి నెలా బయటపెట్టాలి అని రాయండి.

గుండ్లకమ్మ:
అందరికీ దణ్ణం పెడుతున్నా. నిన్న రాత్రి కూర్చుని రాశాం, ఇట్లా వచ్చింది:

'కలెక్టర్ గారికి. వైరల్ లోడ్ అదుపులో ఉన్నవాళ్ళకి 2020లో ఇచ్చినట్టే మూడు నెలల మందు ఒకేసారి ఇప్పించగలరు. మందు ఏ సెంటర్‌లో తీసుకోవాలో మమ్మల్నే ఎంచుకోనివ్వగలరు, గది బోర్డు మార్పించగలరు. జిల్లా స్టోర్‌లో మూడు నెలల నిల్వ ఉంచి, లెక్క ప్రతి నెలా తెలియజేయగలరు. ఏఆర్‌టీలో ఉన్న అందరికీ హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించి పుస్తకంలో రాయించగలరు. హెపటైటిస్ వచ్చినవారికి చెప్పేందుకు కౌన్సిలర్‌ని కేటాయించగలరు. కాన్పు జరిగే ప్రతి గదిలో బీ టీకా ఉండేలా, ఆస్పత్రి పారిశుధ్య కార్మికులకి టీకా వేసేలా ఆదేశించగలరు. 2017 చట్టం ప్రకారం అంబుడ్స్‌మన్ వివరాలు తెలుగులో అంటించగలరు.'

స్టిక్కర్ల సంగతి కూడా చివర్లో కలిపాం సిస్టర్ గారూ.

చిత్రావతి:
ఒక్క మార్పు. కౌన్సిలర్‌ని కేటాయించాలి అనే చోట 'ఉన్న ఏఆర్‌టీ సిబ్బందిని తగ్గించకుండా' అని కలపండి అక్కా. అది ఉంటే మా సంఘంలో వాళ్ళ చేత కూడా సంతకం పెట్టిస్తా.

గుండ్లకమ్మ:
కలిపేశా.

గుండ్లకమ్మ:
సోమవారం సాయంత్రం రాస్తున్నా. అర్జీ ఇచ్చాం. 46 సంతకాలు. టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చున్నాం. కలెక్టర్ గారు రెండు పేజీలూ చదివారు, 2020 లైన్ దగ్గర ఆగి ఇది ఎవరు చెప్పారమ్మా అని అడిగారు, అప్పట్లో పనిచేసిన కౌన్సిలర్ గారు చెప్పారన్నాం. పక్కనున్న ఆయనకి ఇచ్చి డీఎంహెచ్‌ఓకి (జిల్లా వైద్యాధికారికి) పంపమన్నారు. రసీదు నంబరు ఇచ్చారు. మూడు నెలల సంగతి రాష్ట్ర ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీని అడగాలి అన్నారు, పరీక్షలు, బోర్డు, టీకా మాత్రం జిల్లాలో చేయొచ్చన్నారు. గురువారం పదిన్నరకి డీఎంహెచ్‌ఓ ఆఫీసుకి రమ్మన్నారు మాట్లాడటానికి. వదిన కూడా వస్తానంటోంది, మాట్లాడను గానీ పక్కన కూర్చుంటా అంది. గ్రీన్ బుక్ ఖాళీ పేజీ చూపిద్దామని తనే గుర్తు చేసింది.

ల్యాబ్ తెలిసినవాళ్ళు ఒకరు మాతో ఉంటే బాగుండు.

నల్లకోటు:
సొసైటీకి పంపిన లెటర్ కాపీ మీకు ఇమ్మని గురువారమే రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా వద్దు.

జగిత్యాల_తమ్ముడు:
అక్కా ఆ ఫైల్ ఇక్కడ పెట్టు, జిల్లా పేరు మార్చి, గల్ఫ్ మెడికల్ చీటి సంగతి కలిపి నేను వచ్చే సోమవారం ప్రజావాణిల ఇస్త.

ల్యాబ్‌కిటికీ:
గురువారం నాకు వీక్లీ ఆఫ్ వేయించుకున్నా. మాది మీ పక్క జిల్లానే అమ్మా. పదింటికల్లా ఒంగోలు బస్టాండ్‌లో విచారణ కౌంటర్ దగ్గర ఉంటా, రెండు రకాల టెస్ట్ కిట్లు కూడా తెస్తున్నా, అవి ఎంత చిన్నవో వాళ్ళ టేబుల్ మీద పెట్టి చూపిద్దాం.